వస్తానని చెప్పిన శనివారాలు

మా అమ్మ నేర్పిన మర్యాద ఒకటి జర్మనీలో ఒక ముసలావిడను చాలా బాధపెట్టింది. తప్పు మర్యాదది కాదు, నాదే. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా ఇంట్లో గడప దాటేవాళ్ళెవరూ ‘పోతున్న’ అనకూడదు. బడికి బయల్దేరుతూ నేను నోరు జారితే అమ్మ వంటింట్లోంచే కేకేసేది. “పోతున్న ఏందే? పోయొస్త అను. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?” నేను వెనక్కి వచ్చి, మళ్ళీ గడప దాటి, “పోయొస్తనే” అని వీధంతా వినపడేలా అరిచేదాన్ని. కరీంనగర్‌లో అలా నోటికి అంటుకున్న మాట వీసా అడక్కుండానే నాతోపాటు మ్యూనిక్ వచ్చేసింది.

మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో మన పిల్లలందరి నోటా రెండే ప్రశ్నలు. టెర్మిన్ దొరికిందా, అన్మెల్డుంగ్ అయిందా. ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరికితేనే అడ్రసు రిజిస్టర్ అవుతుంది, అడ్రసు ఉండాలంటే ఇల్లుండాలి, ఆ ఇల్లే దొరకదు. నాకు మాత్రం అదృష్టం కొద్దీ గార్చింగ్‌లో, క్యాంపస్‌కి ఒక్క స్టేషన్ ఇవతల, పైఅంతస్తులో గది ఒకటి దొరికింది. ఇంటావిడ రిటైరైన టీచరు. జీవితమంతా బడిపిల్లలకు ఇంగ్లిష్ చెప్పింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. వయసు ఎనభైకి దగ్గర. ఆవిడ చూపులో నడిమధ్య మసక కమ్మింది. పక్కనున్నవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించదు. అందుకే మాట్లాడేటప్పుడు తల పక్కకు తిప్పి, మన భుజం దగ్గరెవరో నిలబడ్డట్టు చూసేది. నేను నా స్నేహితురాళ్ళ దగ్గర ఆవిడను ‘ఓనరమ్మ’ అనేదాన్ని.

గది చూసుకుని బయల్దేరుతూ, అప్పటికి నాకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో రెండు తీసి, “ఇష్ కొమె” అన్నాను. వస్తానండీ అని నా ఉద్దేశం. “మంచిది” అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. నేను మెట్లు దిగి రైలెక్కేశాను.

మూడు రోజుల తర్వాత పెట్టెలతో దిగితే మొదటి మాట అదే అడిగింది. “ఆ రోజు వస్తున్నానన్నావు. కాఫీ పెట్టాను. తలుపు తీసి కూర్చున్నాను. ఎక్కడికి పోయావు?”

నాకు నవ్వాగలేదు. మా భాషలో వెళ్ళేటప్పుడు వస్తాననే అంటామని, వెళ్తున్నానంటే ఇక తిరిగి రాననే అర్థం వస్తుందని, అది అశుభమని ఇంగ్లిష్‌లో వివరించాను. ఆవిడ నవ్వలేదు. ఎంతో విలువైనది చేతికిచ్చినట్టు ఆ మాటను నాచేత మళ్ళీ ఒకసారి పలికించుకుంది. తర్వాత అల్మరాలో వరసగా ఉన్న పాత బూట్ల డబ్బాల్లోంచి ఒకటి దించింది. దాన్నిండా అట్టముక్కల చీటీలు. ఖాళీ చీటీ ఒకటి, లావుపాటి నల్లపెన్ను నా చేతిలో పెట్టి, “ఆ మాట రాయి. కింద అర్థం కూడా” అంది. తెలుగులో ‘వస్తాను’ అని రాసి, కింద ఇంగ్లిష్‌లో, వెళ్ళేటప్పుడు అనే మాట అని రాశాను. ఆ డబ్బాల్లో ఇంగ్లిష్‌ది కాని మాట అదొక్కటే.

మిగతా చీటీలన్నీ ఇంగ్లిష్ మాటలవి. ఓనరమ్మ పుట్టింది ఉత్తరాన, సముద్రం ఒడ్డున, ఆంగెల్న్ అనే ప్రాంతంలో. పదిహేను వందల ఏళ్ళ కిందట ఆ ఒడ్డు నుంచీ, దాని చుట్టుపక్కల నుంచీ జనం పడవలెక్కి అవతలి ద్వీపానికి పోయారు. ఆంగెల్న్ వాళ్ళ పేరు మీదే ఆ దేశానికి ఇంగ్లండ్ అనీ, వాళ్ళ భాషకు ఇంగ్లిష్ అనీ పేరొచ్చింది. ఆ పడవల్లో పోయిన మాటలు అక్కడ ఏమేం అయ్యాయో ఒక్కొక్కటీ చీటీ మీద రాయడం ఆవిడ రిటైరైన దగ్గర్నుంచీ పెట్టుకున్న పని. “నా ఊరి నుంచి వెళ్ళిపోయిన మాటలు. ఎక్కడున్నాయో, ఎలా ఉన్నాయో కనుక్కోవద్దూ?” అనేది, పెళ్ళయి పోయిన ఆడపిల్లల గురించి మాట్లాడినట్టు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఈ చరిత్ర నాకు మింగుడుపడలేదు. మా వీధిలో ఇంగ్లిష్ మీడియంలో చదివిన మొదటి ఆడపిల్లను నేను. నా దృష్టిలో ఇంగ్లిష్ అంటే సూటూ బూటూ. అది పశువుల కాపర్లూ చేపలు పట్టేవాళ్ళూ మాట్లాడుకున్న పల్లెటూరి యాస అని ఒక ముసలావిడ తాపీగా రొట్టెకు వెన్న రాస్తూ చెబితే నాకు ఒళ్ళు మండింది. “మీరు కావాలని చిన్నచేస్తున్నారు” అన్నాను.

“వాట్ ఇస్ దాట్?” అంది, నా ముందున్న గ్లాసు చూపించి.

“వాటర్” అన్నాను విసుగ్గా, ఇదేం పరీక్ష అన్నట్టు.

“ఇప్పుడు నేను మాట్లాడింది ఇంగ్లిష్ కాదు. మా నాన్నమ్మ మాట్లాడిన ఊరి భాష. ఆమె ఇంగ్లిష్ ఒక్క రోజు కూడా చదవలేదు. నీళ్ళను వాటర్ అనేది, ఓడను షిప్ అనేది.”

బళ్ళో నేర్పే జర్మన్‌లో నీళ్ళు వాసర్, ఓడ షిఫ్. ఊరి యాసలోనేమో అచ్చం నేను ఒకటో క్లాసులో బట్టీ పట్టిన మాటలే. నా యాసను హైదరాబాద్ కాలేజీలో వెక్కిరించినవాళ్ళంతా గుర్తొచ్చారు. ఆ రోజు నుంచి నాకు ఆవిడ డబ్బాల మీద మనసు పడింది.

ఒప్పందం కుదిరింది. శనివారం మధ్యాహ్నాలు నేను పాత చీటీలు పైకి చదవాలి, ఆవిడ చెప్పింది కొత్త చీటీల మీద రాయాలి. బదులుగా నా జర్మన్ దిద్దుతుంది. దిద్దడమంటే మామూలుగా కాదు, ప్రతి తప్పుకూ ఒక కథ. మ్యూనిక్‌లో టీర్‌పార్క్ అనే బోర్డు చూసి, టీర్ అంటే డీర్ కాబోలని, హైదరాబాద్‌లో ఉన్నట్టు జింకల పార్కేమో అనుకుని వెళ్ళానని చెప్పాను. అక్కడ ఏనుగులూ కోతులూ ఉన్నాయి. ఓనరమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నా లెక్క తప్పు కాదట, ఇంగ్లిష్‌ది తప్పట. పూర్వం డీర్ అంటే ఏ జంతువైనా సరే. అక్కడికి పోయాక ఆ మాట కుంచించుకుపోయి జింక ఒక్కదానికే మిగిలింది. జర్మన్‌లో టీర్ ఇప్పటికీ అన్ని జంతువులకూ చెల్లుతుంది. స్టార్వ్ అంటే ఒకప్పుడు ఆకలితో మాడటం కాదు, చనిపోవడం. ఫేర్‌వెల్‌లో ఉన్న ఫేర్ అంటే ప్రయాణం, ఇక్కడ మేం కొనే ఫార్‌కార్టె, అంటే రైలు టికెట్టులో ఉన్నది అదే మాట. చల్లగా ప్రయాణం చేసి రా అని దీవెన. గుడ్‌బై అంటే దేవుడు నీకు తోడుండుగాక. మ్యూనిక్ చుట్టుపక్కల బవేరియా వాళ్ళు వెళ్ళేటప్పుడు అనే ఫియాటి కూడా దాదాపు ఆ అర్థమే. వీడ్కోలు చీటీలకు ఆవిడ విడిగా ఒక డబ్బా పెట్టింది. నా ‘వస్తాను’ అందులోనే ముందు వరసలో ఉండేది.

ఎంత చెప్పినా నేను మార్చుకోలేకపోయిన తప్పు ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఐ విల్ కమ్ అంటే వస్తాను. అందుకని జర్మన్‌లోనూ ఇష్ విల్ కొమెన్ అనేసేదాన్ని. జర్మన్‌లో దానర్థం వేరు, రావాలని ఉంది అని. “కోరిక చెప్పావు. వస్తావో రావో చెప్పలేదు” అనేది ఓనరమ్మ. ఇంగ్లిష్‌లోనూ మొదట విల్ అంటే కోరికేనట. నెమ్మదిగా దాన్లో కోరిక అరిగిపోయి, రేపటిని చెప్పే ముక్కగా మిగిలిందట. ఆ చీటీ మాత్రం ఆవిడ రాయించలేదు. పక్కకు తీసి పెట్టింది. “అది పెద్ద కథ. అన్నీ అయ్యాక చివర్న రాద్దాం.”

రెండేళ్ళు అలా గడిచాయి. అక్షరాల వరసన డబ్ల్యూ దగ్గరికి వచ్చాం. నా థీసిస్ అయింది, ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండి పనిచేసుకోడానికి బ్లూ కార్డ్ వచ్చింది. ఆఫీసు ఊరికి అటు చివర. గుంటూరు నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌తో కలిసి ఆఫీసుకి దగ్గర్లో ఫ్లాట్ తీసుకున్నాను. ఖాళీ చేసే రోజున ఓనరమ్మ గుమ్మం దాకా వచ్చి, తల పక్కకు తిప్పి నా భుజం వైపు చూస్తూ, “నా చూపు ఇక ఎన్నాళ్ళో ఉండదు. చీటీలు కొన్నే ఉన్నాయి. శనివారాలు వస్తావా?” అని అడిగింది.

“తప్పకుండా. ఇష్ విల్ కొమెన్” అన్నాను.

“కోరిక మంచిదే” అంది నవ్వుతూ. “వస్తావా?”

“వస్తాను” అన్నాను తెలుగులో. ఆవిడ తృప్తిగా తలూపింది. పిచ్చిమాలోకం, ఆ మాటను నాకంటే ఎక్కువ నమ్మింది.

మొదటి నెల వెళ్ళాను. రెండో నెలలో రెండుసార్లు. ఆ తర్వాత నాకు తీరిక లేదు. ఇప్పుడు తల్చుకుంటే అసలు నేను చేసిన ఘనకార్యాలేమిటో నాకే అర్థం కాదు. కర్టెన్లు కొన్నాను. పుట్టినరోజులకు వెళ్ళాను. పచ్చిమిరపకాయలు మంచివి దొరుకుతాయని రెండు రైళ్ళు మారి ఒక కొట్టుకి వెళ్ళాను. గార్చింగ్ వెళ్ళడానికి అంత దూరం కూడా లేదు, ముప్పావుగంట. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి ఈ వారం కుదరదని చెప్పి, వచ్చే వారం ఇష్ విల్ అని ముగించేదాన్ని. ఆవిడ దిద్దడం మానేసింది. అది గమనించాను కూడా. జర్మన్ బాగా వచ్చేసింది కాబట్టి దిద్దటం లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒక గురువారం ఆవిడే ఫోన్ చేసింది. ఎప్పుడూ చేసేది కాదు. “ఈ శనివారం నువ్వు రావాలి. రెండే చీటీలు. వెల్‌కమ్, తర్వాత విల్. కేక్ చేస్తున్నాను” అంది. గొంతులో ఏదో తొందర ఉంది. ఎందుకని నేను అడగలేదు. “వస్తాను” అన్నాను, తెలుగులోనే.

ఆ శనివారం మధ్యాహ్నం ఊరి బయట థియేటర్‌లో తెలుగు సినిమా ఒకే ఒక్క షో వేశారు. నా రూమ్మేట్ ముందే టికెట్లు తీసి పెట్టుకుంది. “ఏంటే, ఇవాళ కూడా ముసలావిడేనా? ఆవిడెక్కడికి పోద్దే? వచ్చే వారం వెళ్దువుగానిలే. ఈ షో మళ్ళీ వెయ్యరు” అంది. ఆమెనేమీ అనను. నేను ఎదురు చెప్పింది లేదు. ఫోన్ చేస్తే ఆ గొంతు వినాలి, అందుకని మెసేజ్ పెట్టాను. మంచి జర్మన్‌లో, ఒక్క తప్పు లేకుండా, పెద్ద క్షమాపణతో. రెండుసార్లు చదువుకుని మురిసిపోయి మరీ పంపాను.

ఎదురుగా ఉన్న అక్షరం కనిపించని మనిషికి మెసేజ్ పంపానన్న సంగతి నాకు ఇంటర్వెల్‌లో తట్టింది. పాప్‌కార్న్ లైన్‌లో ఉన్నాను. అప్పుడైనా ఫోన్ చేయవచ్చు. చుట్టూ గోలగా ఉంది, సినిమా అయ్యాక చేద్దాంలే అనుకున్నాను. సినిమా అయ్యాక అందరం బిర్యానీకి వెళ్ళాం. మర్నాటికి సిగ్గేసింది. సిగ్గు ఒక వారం, రెండు వారాలు, అలా పెరిగి పెరిగి, ఫోన్ చేయడానికి ముఖం చెల్లకుండా పోయింది. చివరికి ధైర్యం చేసి నంబర్ నొక్కితే, ఆ నంబర్ వాడుకలో లేదని వచ్చింది.

గార్చింగ్ పరుగెత్తాను. ఇప్పుడు తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో మరి. ఇంటి బెల్ మీద కొత్త పేరుంది. పక్కింటాయన చెప్పాడు. ఓనరమ్మకు చూపు దాదాపు పోయిందట. అన్న కూతురు వచ్చి ఉత్తరాన తమ ఊరి దగ్గర వృద్ధుల ఇంటికి తీసుకుపోయిందట. “సోమవారం తీసుకెళ్ళారు. అంతకుముందు శనివారం సాయంత్రం దాకా తలుపు తీసి పెట్టుకుని కూర్చుంది. చలిగా ఉంది, వేస్తానంటే వద్దంది. ఎవరో వస్తున్నారని చెప్పింది.” ఆయన మామూలుగానే చెప్పాడు. ఆ ఎవరో నేనని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

అడ్రసు సంపాదించి వెళ్ళడానికి మరో ఐదు నెలలు తీసుకున్నాను. దీనికి మాత్రం సాకేమీ లేదు, భయం. రైలు రోజంతా ఉత్తరానికి పోయింది. టికెట్టు మీదున్న ఫార్ అనే ముక్క కనపడకుండా దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

కిటికీలోంచి సముద్రపు పాయ కనిపించే చిన్న గది. కుర్చీ తలుపుకి ఎదురుగా వేసి ఉంది. నేను నమస్కారం చెప్పకముందే, నా అడుగుల చప్పుడుకే, “చీటీలు అల్మరాలో కింది అరలో ఉన్నాయి” అంది. తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది. సారీ చెప్పాను. ఆవిడ చెయ్యి గాల్లో ఊపి, “ముందు పని” అంది.

డబ్బా తీశాను. చివర్న వెల్‌కమ్ చీటీ ఉంది, నా రాత కాదు. ఆ శనివారం నేను రాకపోతే తనే రాసుకుంది. కనిపించక ఒక లైను మీద ఇంకో లైను, దాని మీద ఇంకోటి రాసుకుంటూ పోయింది. ఒక్క మాట కూడా చదవడానికి రాదు. నల్లని పీచులా ఉంది. “చదువు” అంది. చీటీని వెలుగుకెత్తి తిప్పి తిప్పి చూశాను.

“చదవలేకపోతున్నావా? సరే, మళ్ళీ రాయి.” ఆవిడ చెప్పింది, నేను రాశాను. “వెల్‌కమ్. మొదట విల్‌కుమా. విల్ అంటే కోరిక, కుమా అంటే వచ్చే మనిషి. ఎవరు రావాలని కోరుకుంటామో వాళ్ళు. తర్వాత విల్ అన్న సంగతి మరిచిపోయి వెల్ అన్నారు. ఇప్పుడు కాళ్ళు తుడుచుకునే పట్టాల మీద రాస్తున్నారు.” “ఇప్పుడు విల్” అంది. ఆ చీటీ పూర్తిగా ఖాళీగా ఉంది.

“పెద్ద కథ అన్నారు కదా?” అన్నాను.

“ఇప్పుడు చిన్నదే. రాయి. విల్. పూర్వం, కోరిక. ఇప్పుడు, రేపు.”

రాశాను. అంతే, డబ్బాలు పూర్తయ్యాయి. ఎన్నో ఏళ్ళ పని. ఆ శనివారం సినిమా మానేసి ఉంటే కేక్ తింటూ నవ్వుకుంటూ చేసుకునేవాళ్ళం. ఆ పెద్ద కథేమిటో కూడా నాకు దక్కేది. ఇప్పుడు మళ్ళీ అడిగే ముఖం నాకు లేదు.

సాయంత్రం రైలు టైమయింది. లేచి కోటు వేసుకున్నాను. అలవాటుగా నోటి చివరికి వచ్చింది. “వస్తా...”

“ఆగు” అంది ఓనరమ్మ. “నువ్వు మళ్ళీ ఇంత దూరం రావు. నాకు తెలుసు, కోపం లేదు. మీ అమ్మ అనొద్దన్న మాట ఒకటుందన్నావు. అది ఎలా అంటారు?”

“అది మంచి మాట కాదండీ. అశుభం.”

“అను. అదంటే నేను ఎదురుచూడను.”

తలుపు దగ్గర నిలబడిపోయాను. చిన్నప్పుడు గడప దగ్గర అమ్మ వేసిన కేకలన్నీ చెవుల్లో మోగాయి. మళ్ళీ వస్తానని ఒట్టు పెట్టి చెప్పాలనిపించింది. వస్తాననే నమ్మకం నాకే లేదు.

“పోతున్న” అన్నాను.

ఆవిడ పెదవులు కదిపి ఆ మాటను ఒకసారి లోపల్లోపల పలుకుకుంది. తర్వాత చేతులతో తడుముకుంటూ లేచి, తలుపుకెదురుగా ఉన్న కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.